చంపబడ్డారా, చనిపోయారా, చంపారా?

సందేహం: రువాండా మారణకాండ మీద ఒక వ్యాసం రాస్తున్నాను. "ఎనిమిది లక్షల మంది చంపబడ్డారు" అని రాస్తే, 'బడు' తెలుగు నుడికారం కాదు, "చనిపోయారు" అని మార్చమన్నాడు మిత్రుడు. ఏది సరి? అలాగే చంపినవాళ్లు, కాపాడినవాళ్లు కాక, పక్కన నిలబడినవాళ్లను "ప్రేక్షకులు" అనవచ్చా?

సమాధానం: మీ మిత్రుడు జబ్బు సరిగానే పట్టుకున్నాడు, మందు తప్పు ఇచ్చాడు. 'బడు' వ్యాకరణం ఒప్పుకున్నదే గానీ, "అన్నం తినబడింది" అని మనం మాట్లాడం. అలాగని "చనిపోయారు" అంటే ఎలా? జ్వరం వచ్చీ చనిపోతారు, వరదలోనూ చనిపోతారు. 1994 ఏప్రిల్ 7 నుంచి జూలై మధ్య దాకా ఆఫ్రికా దేశమైన రువాండాలో టుట్సీ తెగవాళ్లను వెతికి వెతికి చంపారు. హుటూ తెగకు చెందిన తీవ్రవాద నాయకులు పథకం వేశారు, ఆర్టీఎల్ఎం అనే రేడియో ఉసిగొల్పింది, ఇంటరహాంవే అనే హుటూ సాయుధ ముఠాలతో పాటు ఇరుగుపొరుగువాళ్లూ కత్తులు పట్టారు. "ఎనిమిది లక్షల మందిని చంపారు" అని రాయండి. కర్త లేకపోయినా తెలుగు వాక్యం నిలబడుతుంది. కర్త తెలిసినచోట మాత్రం దాచకండి.

నన్నడిగితే ఈ విషయం రాయడానికి నామవాచకాల కంటే క్రియలే నమ్మదగ్గవి. చంపారు, చంపించారు, చంపనిచ్చారు, చంపనివ్వలేదు. ఒక్క ధాతువుతోనే ఎవరి పాత్ర ఏమిటో తేలిపోతుంది. జాన్ పాల్ అకయేసు సంగతి చూడండి. టబా అనే ప్రాంతానికి మేయర్ లాంటి అధికారి. మొదట్లో అక్కడ హత్యలు జరగకుండా అడ్డుపడ్డాడు. ఏప్రిల్ 18న తాత్కాలిక ప్రభుత్వ పెద్దలతో సమావేశం అయ్యాక మారిపోయాడు. 1998 సెప్టెంబరు 2న ఈ మారణకాండను విచారించడానికి టాంజానియాలోని అరూషాలో పెట్టిన అంతర్జాతీయ ట్రైబ్యునల్ అతన్ని దోషిగా తేల్చింది. జాతి నిర్మూలన నేరానికి ఒక అంతర్జాతీయ కోర్టు ఒక మనిషిని దోషి అనడం అదే మొదలు. "హంతకుడు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఆ మలుపు కనబడదు. "మొదట చంపనివ్వలేదు, తర్వాత చంపించాడు" అంటే కథంతా వచ్చేసింది.

కాపాడినవాళ్లకు "రక్షకులు" తప్పేమీ కాదు, కాస్త పోలీసు వాసన వేస్తుందంతే. జూరా కరుహింబి అనే వృద్ధురాలు తనకున్న మంత్రగత్తె పేరునే అడ్డం పెట్టుకుని, లోపలికొస్తే దయ్యాలు పట్టుకుంటాయని హంతకులను బెదిరించి, వందమందికి పైగా ఇంట్లో దాచింది. ఆమె గురించి రాసేటప్పుడు "దాచింది" అనే మాటే చాలు.

ఇక "ప్రేక్షకులు" వద్దు, అది ఆట చూడ్డానికి వచ్చినవాళ్ల మాట. "సాక్షులు" కూడా కుదరదు. ఈ హత్యలను విచారిస్తూ 2012 దాకా నడిచిన గచాచా అనే ఊరి కోర్టుల్లో చంపినవాళ్లు కూడా తోటివాళ్ల మీద సాక్ష్యం చెప్పారు. "తటస్థులు" అంటే మాటవరసకు ఒడ్డున నిలబడ్డవాళ్లే గానీ, ఇవాళ ఆ మాటకు నిష్పాక్షికులన్న గౌరవం అంటుకుంది. "చూస్తూ ఊరుకున్నవారు" అన్నది మన నోట ఎప్పుడూ ఉన్నదే, ఆక్షేపణ కూడా అందులోనే ఉంది.

ఆక్షేపణ ఉంది కాబట్టే అందరికీ అంటించకూడదు. అడ్డొస్తే తననూ చంపుతారని తలుపేసుకున్న మనిషి "ఏమీ చేయలేకపోయాడు". ఏప్రిల్ 21న, హత్యలు ముమ్మరంగా సాగుతుండగా, ఐక్యరాజ్యసమితి భద్రతామండలి రువాండాలోని తన శాంతిదళాన్ని 270 మందికి కుదించాలని తీర్మానించింది. అక్కడ "చేయలేకపోయింది" అని రాస్తే నేను ఒప్పుకోను, "చేయలేదు" అనే రాయాలి. "చంపనిచ్చింది" అని రాసినా దిద్దను.

ఇంకొకటి, మీరు అడగకపోయినా: విచారణ నడుస్తున్నవాళ్లు నిందితులు, తీర్పు వచ్చాకే దోషులు. పత్రికల్లో ఈ రెండూ తరచూ కలిసిపోతున్నాయి.