పథ్యం పెట్టినా తగ్గని ఎగ్జిమాకు గాలిలోని దుమ్ము కారణమవుతుందా?

గుడ్డు, చేప, వంకాయ మాన్పించినా మీ బాబుకు ఎగ్జిమా తగ్గలేదని, ముక్కులోకి పోయే దుమ్ముకు చర్మం ఎందుకు రేగుతుందని అడిగారు. కావలి దగ్గర ఉండే మా అమ్మాయికీ ఇదే బాధ కనుక, వైద్యులు మాకు చెప్పినదీ మేము గమనించినదీ రాస్తున్నాను.

దుమ్ము ముక్కులోకే పోనవసరం లేదు, చర్మం మీద పడినా చాలు. చర్మం పైపొరను పటిష్ఠంగా ఉంచే ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ ఎగ్జిమా ఉన్న కొందరిలో పుట్టుకతోనే తక్కువగా ఉంటుంది. ఇందుకు కారణమైన జన్యుమార్పులను 2006లో గుర్తించారు. అలాంటి పొరలోంచి తేమ బయటికి పోతుంది, దుమ్ములోని పదార్థాలు లోపలికి దిగుతాయి. పరుపుల్లో పెరిగే డస్ట్ మైట్లనే, కంటికి కనిపించనంత చిన్న పురుగుల విసర్జనలో ఉన్న ఎంజైములు చర్మకణాల మధ్య అతుకులను తెంచుతాయి. అప్పుడు ఆ కణాలు పంపే సంకేతాలకు రోగనిరోధక కణాలు స్పందించి ఐఎల్-4, ఐఎల్-13, ఐఎల్-31 అనే రసాయనాలను విడుదల చేస్తాయి. చివరిది దురద పుట్టిస్తుంది. మొదటి రెండూ ఉన్న ఫిలాగ్రిన్‌ను కూడా తగ్గిస్తాయి. బిడ్డ గోకేకొద్దీ పొర మరింత చెదురుతుంది.

మా అమ్మాయికి కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు ఎర్రబడేవి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలకు మన తీరంలో ఉతికిన బట్టలే సరిగా ఆరవు, మైట్లకు కావలసింది ఆ తేమే. పాత దూది పరుపు మీద పడుకున్న రాత్రుల్లో దురద బాగా పెరిగేది. సర్కారు తుమ్మ పుప్పొడి కూడా కొందరికి పడదు. వయ్యారిభామ ఎండి గాలికి ఎగిరినప్పుడు పెద్దవాళ్ల ముఖం మీద, మెడ మీద వచ్చే మంట మాత్రం వేరే రకం అలర్జీ, దానికి ప్యాచ్ పరీక్ష (అనుమానమున్న పదార్థాన్ని చర్మం మీద అతికించి చూడడం) చేస్తారు.

దుమ్ము దులపడం కంటే చర్మాన్ని కాపాడడమే ముందు చేయవలసిన పని అని నేను గట్టిగా నమ్ముతున్నాను. స్నానం కాగానే ఒళ్లు కొద్దిగా తడిగా ఉండగానే మాయిశ్చరైజరు రాసేవాళ్లం, వైద్యుడు చెప్పిన పూతమందును చెప్పినన్నాళ్లు వాడాం. దుప్పట్లను 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతికి, పొడి చీపురుకు బదులు తడిగుడ్డతో నేల తుడిచాం. మైట్లను ఆపే పరుపు కవర్లు అందరికీ మేలు చేస్తాయని చెప్పలేము. అలాగే చర్మపరీక్షలో దుమ్ముకు పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఎగ్జిమాకు అదే కారణమని తేలినట్లు కాదు.

ఎదిగే బిడ్డకు వైద్యుడు చెప్పకుండా గుడ్డు, చేప మాన్పించకండి. ఏ నెలల్లో, ఎక్కడ పడుకున్నప్పుడు ఎక్కువవుతుందో రాసి చర్మవైద్యునికి చూపించండి. పుండ్లు చీము పట్టినా, జ్వరం వచ్చినా మాత్రం ఆ రోజే తీసుకువెళ్లండి.