మొదటి శనివారానికి ముందు

అమ్మాయీ,

వచ్చే నెల నుంచి శనివారాలు ఉదయం పూట ఎనిమిది మందికి కలిపి గోల్ఫ్ నేర్పబోతున్నానని నువ్వు చెప్పినప్పటి నుంచి నా మనసు అక్కడే తిరుగుతోంది. నువ్వు బాగా ఆడతావు. ఒక్కొక్కరిని విడిగా కూర్చోబెట్టి నేర్పడమూ నీకు వచ్చు. కానీ గుంపుకు నేర్పడం వేరే పని. విడి పాఠంలో నీ కళ్ళు ఆ ఒక్కరి మీదే ఉంటాయి. తరగతిలో ఒకరిని చూస్తున్నంతసేపూ మిగిలిన ఏడుగురు నీకు కనబడరు. ఆ ఏడుగురూ అప్పుడు ఏం చేస్తున్నారన్నదే అసలు తరగతి. ముప్పై ఏళ్ళ అనుభవంలో నేను గట్టిగా నమ్మేది ఇదే, నీకు చెప్పేదంతా దీని చుట్టూనే ఉంటుంది.

ముందుగా ఎవరు ఎక్కడ నిలబడాలో తేల్చుకో. నేను నేర్పడం మొదలుపెట్టిన కొత్తలో ఒకరోజు ఒక పెద్దాయన గ్రిప్, అంటే కర్ర పట్టుకునే తీరు, సరిచేస్తూ వీపు తిప్పి నిలబడ్డాను. నా వెనక పన్నెండేళ్ళ పిల్లవాడు టీ, అదే బంతిని నిలబెట్టే చిన్న పుల్ల, తీసుకోవడానికి వంగాడు. పక్కనున్న అతను అదే క్షణంలో ఎనిమిదో నంబరు ఐరన్ కర్రను కొట్టడానికి వెనక్కి ఎత్తాడు. కనుబొమ మీద నాలుగు కుట్లు పడ్డాయి. అంగుళం కిందికి తగిలి ఉంటే కన్ను పోయేది. తప్పు ఆ ఇద్దరిదీ కాదు, వాళ్ళను అంత దగ్గరగా నిలబెట్టిన నాది. ఆ రక్తం చూశాక ఇక ఏనాడూ అడుగులు కొలవకుండా తరగతి మొదలుపెట్టలేదు. అన్నిటికంటే పొడవైన కర్ర డ్రైవర్ కదా, అలాంటివి మూడింటిని ఒకదాని కొసకు ఒకటి ఆనేలా నేల మీద పరిస్తే ఎంత దూరం వస్తుందో, మనిషికీ మనిషికీ మధ్య కనీసం అంత ఉండాలి. ఎడమచేతి ఆటగాళ్ళు ఉంటే వరుసకు ఎడమ చివర నిలబెట్టు. వాళ్ళ బంతి హోసెల్‌కు, అంటే కర్ర తలను కలిసే మెడకు, తగిలి పక్కకు ఎగిరినా ఖాళీ వైపే పోతుంది. అయితే అక్కడ ఎడమచేతి ఆటగాడి వీపూ పక్కవాడి వీపూ ఎదురెదురుగా వస్తాయి, ఒకరికొకరు కనబడరు, కాబట్టి ఆ ఒక్కచోట దూరం ఇంకా పెంచు. బంతులు ఏరడానికి నువ్వు ఆపమన్నాకే కదలాలి, అందరూ ఒకేసారి కదలాలి. నువ్వు మాత్రం ఎవరికి చెబుతున్నా వరుస మొత్తం కనబడేలా నిలబడు.

నీ దగ్గరికి వచ్చేవాళ్ళు బొత్తిగా కొత్తవాళ్ళు కారు. బంతి గాలిలోకి లేస్తుంది, మధ్యమధ్య ఒక షాట్ అద్భుతంగా పడుతుంది, అయినా 18 హోల్స్, అంటే గుంటలు, అయ్యేసరికి స్కోరు, అదే కొట్టిన దెబ్బల లెక్క, నూరు దాటుతుంది. అందరూ డ్రైవర్ నేర్పమనే అడుగుతారు. నువ్వు మాత్రం హోల్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి రా. 72 పార్ ఉన్న కోర్సులో, అంటే మంచి ఆటగాడికి 72 దెబ్బలు పట్టే మైదానంలో, బంతిని హోల్‌లోకి దొర్లించే పట్‌లే హోల్‌కు రెండు చొప్పున 36 లెక్కలోనే ఉన్నాయి, అంటే సరిగ్గా సగం. ఈ మాట నమ్మనివాళ్ళకు మన దేశపు గోల్ఫ్ క్రీడాకారిణి అదితి అశోక్ ఆటను గుర్తు చెయ్యి. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో ఆమె తోటివాళ్ళ కంటే చాలా తక్కువ దూరం కొడుతూనే, పట్‌లు వేసే కర్ర పటర్ బలంతో నాలుగో స్థానంలో నిలిచింది. కాంస్యం ఒక్క స్ట్రోక్ తేడాతో చేజారింది. ఆ వారం తెల్లవారుజామున లేచి టీవీ ముందు కూర్చున్నవాళ్ళలో గోల్ఫ్ కర్ర ఏనాడూ ముట్టనివాళ్ళు ఎంతమందో!

పటింగ్‌కు పెద్ద సరంజామా అక్కర్లేదు. హోల్‌కు మూడడుగుల దూరంలో పటర్ తల సరిగ్గా పట్టేంత సందు వదిలి రెండు టీలు గుచ్చు. టీలకు తగలకుండా పటర్ సాగితే అది సరైన దారిలో వెళ్ళినట్టే, తగిలితే ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. ఇలాంటి అభ్యాసాలనే ఎంచుకో. నువ్వు పక్కన లేకపోయినా తప్పొప్పులు వాటంతట అవే తెలియాలి.

గ్రీన్, అంటే హోల్ చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి, దాని బయటి నుంచి బంతిని కొద్దిగా లేపి వెయ్యడమే చిప్పింగ్. దానికి చాలామంది గ్రీన్ మీద తువ్వాలు పరిచి దాని మీద పడెయ్యమంటారు. నాకు అది నచ్చదు. గుడ్డ మీద పడిన బంతి సరిగా దొర్లదు, అసలు చూడవలసింది ఆ దొర్లుడే. దాని బదులు మూరెడు వెడల్పున తాడును గుండ్రంగా కట్టి, గ్రీన్ అంచు నుంచి మూడడుగుల లోపల పెట్టు. బంతి మొదట ఆ గుండ్రంలోనే పడాలి. ఎనిమిదో నంబరు ఐరన్‌తో ఒకటి, తల మరింత వెనక్కి వాలిన పిచింగ్ వెడ్జ్‌తో ఒకటి, ఇంకా వాలిన శాండ్ వెడ్జ్‌తో ఒకటి వెయ్యమను. మూడూ ఒకేచోట పడతాయి. మొదటిది దొర్లుకుంటూ గ్రీన్ అవతలి సగానికి పోతుంది, రెండోది నడిమధ్యన ఆగుతుంది, మూడోది కొంచెం సాగి నిలిచిపోతుంది. ఆ మూడు బంతులనూ తియ్యకుండా అలాగే ఉంచి, వాళ్ళను ఊరికే చూడనివ్వు. ఒకసారి బ్యాంకులో పనిచేసే ఆవిడ రెండు నిమిషాలు కదలకుండా వాటినే చూసింది. ఆ రోజు నుంచి గ్రీన్ పక్కన ఏ క్లబ్, అదే ఏ కర్ర, తియ్యాలని నన్ను మళ్ళీ అడగలేదు.

ఎనిమిది మందిని నలుగురు చొప్పున రెండు జట్లు చెయ్యి. ఒక జట్టు నీతో, రెండోది గ్రీన్ దగ్గర జంటలుగా. జంటలో ఒకరు ఆడుతుంటే రెండోవారు బంతి ఎక్కడ పడిందో మాత్రమే చెప్పాలి. స్వింగ్ గురించి నోరు విప్పకూడదు. ఈ నియమం మొదటి రోజే, అందరి ముందూ, నవ్వుతూనే అయినా గట్టిగా చెప్పు. భార్యాభర్తలు కలిసి చేరితే భర్త పాఠాలు మొదలుపెడతాడు, ఆవిడ చేతులు బిగుసుకుపోతాయి. వాళ్ళిద్దరినీ వేర్వేరు జట్లలో వెయ్యి.

నీ మాటలు కూడా తగ్గించుకో. ఒక రోజుకు ఒక మనిషికి ఒకే దిద్దుబాటు. నీకు అయిదు తప్పులు కనబడతాయి, నాకు తెలుసు. నాలుగింటిని పుస్తకంలో రాసి పెట్టుకో.

దూరం కొట్టడం అభ్యసించే రేంజ్ మీద ఒకే క్లబ్‌తో నలభై బంతులు కొట్టనివ్వకు. మొదటి పది అలా కొట్టాక ప్రతి బంతికీ క్లబ్బూ గురీ మార్చమను. కోర్సు మీద వరుసగా రెండుసార్లు అదే షాట్ ఎప్పుడు వస్తుంది? అయిదో వారంలో అందరినీ కోర్సు మీదికి తీసుకుపో. మూడు నాలుగు హోల్స్ చాలు, సంచిలో అయిదు క్లబ్బులు చాలు. పోయిన బంతిని వెతకడానికి మూడు నిమిషాలే గడువని, హోల్‌లో నిలిపిన జెండా కర్ర తియ్యకుండానే పట్ చెయ్యవచ్చని అక్కడే నేర్పు. ఈ రెండూ 2019లో మారిన నియమాలు, చాలామంది పాతవాళ్ళకు ఇంకా తెలియవు. ఆటగాళ్ళ సంచి మోసే క్యాడీని ఒకరిని కూడా వెంట రమ్మను, అతని రోజు కూలీ ఇచ్చి మరీ. ఆ గ్రీన్ వాలు అతనికి తెలిసినంతగా మనకు తెలియదు. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన తొలి భారతీయ ప్రొఫెషనల్ అలీ షేర్ ఢిల్లీలో క్యాడీగా మొదలైనవాడే.

వేసవిలో ఉదయం 8 గంటలకల్లా ముగించు. వానాకాలంలో ఉరుము వినబడితే చాలు, చేతిలో ఇనుప కర్రలున్న మనుషులను మైదానంలో ఒక్క క్షణం ఉంచకు. చివరి ఉరుము తరవాత అరగంట గడిచేదాకా బయటికి రావద్దు. డబ్బు కట్టినవాళ్ళు సణిగితే సణగనీ.

మొదటి రోజు ప్రతివారి చేతా మూడడుగుల పట్‌లు పది వేయించు. ఎన్ని పడ్డాయో రాసుకో. తరవాత చిప్‌లు పది వేయించి, హోల్‌కు జెండా కర్ర పొడవు లోపల ఎన్ని ఆగాయో లెక్కపెట్టు. ఆరో వారం మళ్ళీ అదే చేయించి, ఆ కాగితం వాళ్ళ చేతికే ఇవ్వు.

నా దగ్గరున్న తాడు గుండ్రాలు నాలుగూ రేపు బస్సులో పంపుతున్నాను. నువ్వు అంకెలు రాసుకున్న రోజు సాయంత్రం ఫోను చెయ్యి. పదికి ఏడు వేసినవాళ్ళు ఎందరో తెలిస్తే రెండో వారం ఏం చెయ్యాలో ఇద్దరం కలిసి ఆలోచిద్దాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు