అల్లుడూ, పవరు కోసం అప్పు చెయ్యకు

అల్లుడూ,

నువ్వు పెట్టబోయే గేమ్ షాపు గురించి పంపిన లిస్టు రాత్రి షాపు మూసేశాక కూర్చుని చూశాను. నాలుగు పీఎస్5లు (సోనీ వాళ్ళ ప్లేస్టేషన్ గేమ్ మిషన్లు), నాలుగు 55 అంగుళాల 4కె టీవీలు, రంగు లైట్లు, ఏసీ, అన్నిటికీ కలిపి ఫైనాన్స్‌లో అప్పు. పొద్దున్నే మీ అమ్మ ఫోన్ చేసి "నీ మేనల్లుడు నా మాట వినట్లేదు, నువ్వైనా చెప్పు అన్నయ్యా" అంది. షాపు వద్దని చెప్పడానికి నేను రాయట్లేదు. పర్లాకిమిడిలో గేమ్ షాపు నడుస్తుంది, కాలేజీ గుంటలు, అదే కుర్రాళ్ళు, ఉన్నారు, మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అక్కణ్నుంచి కూడా వస్తారు. నేను చెప్పేదల్లా ఒకటే, పవరు కోసం అప్పు చెయ్యకు. పవరంటే కరెంటు కాదు, మిషను బలం.

"మావయ్యా, పవర్ లేని మిషన్ పెడితే ఎవడొస్తాడు" అని అడిగావు కదా. సరిగ్గా ఇదే మాట నేను 2007లో మీ అత్తతో అన్నాను.

అప్పుడే పీఎస్3 మన దేశంలోకి 39,990 రూపాయలకి వచ్చింది. బరంపురంలో నా షాపులో మూడు పీఎస్2లు ఉండేవి, 21 అంగుళాల డబ్బా టీవీలు, గంటకి 20 రూపాయలు. ఊళ్ళో అందరికంటే ముందు నేనే తేవాలని మీ అత్త గాజులు తాకట్టు పెట్టి తెచ్చేశాను. తీరా బిగించాక చూస్తే మా టీవీకి హెచ్‌డీఎంఐ (బొమ్మ స్పష్టంగా వచ్చే వైరు) పెట్టే చోటు లేదు, ఎరుపు తెలుపు పసుపు వైర్లే గతి, ఆ వైర్లతో పెడితే బొమ్మ మసక, ఆటలో అక్షరాలు చీమ తలకాయలంత. గుంటలు కుర్చీ లాక్కుని టీవీకి ముక్కు ఆనించి చదవబోయేవారు, చదవలేక "ఏటుంది భయ్యా ఇందులో" అని నన్నడిగేవారు, నాక్కూడా కనపడేది కాదు. మొదటి వారం చూడ్డానికి ఎగబడ్డారు, రెండో వారం నుంచి మళ్ళీ పీఎస్2 దగ్గరే. ఎందుకంటే వాళ్ళకి కావల్సింది క్రికెట్. ఈఏ అనే కంపెనీ వాళ్ళ ఆట క్రికెట్ 07 పీఎస్2కీ కంప్యూటరుకీ వచ్చింది గానీ పీఎస్3కి రానేలేదు. ఆ తర్వాత వచ్చిన ఠాకురాణి యాత్ర (మా ఊరి అమ్మవారి జాతర) రాత్రుల్లో ఊరంతా రోడ్డు మీదే ఉంటే, నా షాపులో తెలుగు గుంటలు, ఒడియా గుంటలు కలిసి ఆ పాత మిషన్ల ముందు లైను కట్టారు, 39,990 పెట్టి తెచ్చింది పక్కన ఖాళీగా ఉంది. గాజులు విడిపించడానికి రెండేళ్ళు పట్టింది, ఆ రెండేళ్ళూ మీ అత్త ఒక్క మాట అనలేదు, అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

పవరు ఉత్తదే అని నేననట్లేదు, ఏ పవరు ఎందుకో చూసుకో అంటున్నాను. మీ తాత మగ్గం మీద చీర నేసి తీశాక ఒక పని చేసేవాడు, నువ్వు పుట్టకముందు సంగతి. చీరని ఎదురు గోడకి వేలాడదీసి గుమ్మం దగ్గరికెళ్ళి నిలబడి చూసేవాడు, అంచులో కుంభాలు (గుడి గోపురాల్లాంటి బొమ్మలు) అక్కణ్నుంచి తెలిస్తేనే ఒప్పుకునేవాడు, చేతిలో పట్టుకుని చూస్తే ఎంత సన్నపని కనపడినా లెక్కలోకి తీసుకునేవాడు కాదు. మామూలు ఫుల్ హెచ్‌డీ తెరలో దాదాపు 20 లక్షల చుక్కలుంటాయి, 4కెలో 83 లక్షలు. అంటే చిప్పు నాలుగింతలు కష్టపడాలి, అదీ సెకనుకి 60 సార్లు. అదే 32 అంగుళాల టీవీ అయితే నాలుగైదడుగులు దాటి కూర్చున్నవాడి కంటికి ఆ తేడా అందదు. 55 అంగుళాలైతే కొంచెం తెలుస్తుంది, కానీ నీ షాపు గది పది అడుగుల వెడల్పు కూడా లేదు, అందులో నాలుగు పెద్ద టీవీలు ఎక్కడ పెడతావు?

చేతికి తెలిసే పవరు వేరే ఉంది. బొమ్మలు చదునుగా ఉన్న రోజుల నుంచి పీఎస్1 వచ్చి 3డి అయినప్పుడు ఆటే మారిపోయింది, అంతకుముందు కుదరని ఆటలు కుదిరాయి, దానికి పవరు కావల్సిందే. సెకనుకి 30 ఫ్రేములుంటే ఒక్కో బొమ్మ 33 మిల్లీసెకన్లు నిలబడుతుంది, 60 అయితే 17లోపే, ఫుట్‌బాల్ ఆడేవాడి బొటనవేలికి ఇది వెంటనే తెలుస్తుంది. పీఎస్5లో నాకు నిజంగా నచ్చింది దాని ఎస్ఎస్‌డీ, అంటే ఆటలు దాచుకునే చోటు, సెకనుకి 5.5 జీబీ చదువుతుంది, పాత హార్డ్‌డిస్కు 100 ఎంబీ చదివితే గొప్ప. గంటకి డబ్బులిచ్చి కూర్చున్న గుంటడు లోడింగ్ గీత చూస్తూ ఐదు నిమిషాలు పోగొట్టుకోడు, నా లెక్కలో ఇదే అసలైన పవరు. నీటిలో నీడలు ఇంకొంచెం నిజంగా కనపడ్డం కోసం డబ్బు పెట్టడం దండగ.

అమ్మకాలు కూడా చూడు. పీఎస్2 చిప్పు 300 మెగాహెర్ట్జ్ లోపు, 32 ఎంబీ ర్యామ్. దాని మీద పోటీకొచ్చిన మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఎక్స్‌బాక్స్‌ది 733 మెగాహెర్ట్జ్, 64 ఎంబీ. అయినా ప్రపంచంలో అమ్ముడైంది పీఎస్2నే, 15 కోట్లు దాటింది. నింటెండో కంపెనీ వాళ్ళ 'వీ' (Wii) అనే మిషన్లో హెచ్‌డీ లేదు, అదీ 10 కోట్లు దాటింది, రిమోట్ ఊపితే బ్యాటూపినట్టుంటుంది కాబట్టి ముసలివాళ్ళు కూడా ఆడారు. వాళ్ళదే 'స్విచ్' అనే మిషను 2017లో వచ్చింది, లోపలున్నది 2015 నాటి చిప్పు, అదీ 15 కోట్లు. అలాగని బలం లేకపోతే చాలు నడిచేస్తుందనుకోకు, అదే నింటెండో వాళ్ళ 'వీ యూ' (Wii U) మిషను 1.35 కోట్ల దగ్గరే ఆగిపోయింది. ఆట ఉంటే జనం వస్తారు, లేకపోతే రారు.

ఇంకో సంగతి, ఇది మీ వయసు వాళ్ళకి తెలీదు. మా రోజుల్లో మిషను పాతబడేకొద్దీ ధర తగ్గేది, పీఎస్2 అమెరికాలో 299 డాలర్లకి మొదలై 2009కి 99కి దిగింది. చిప్పు చిన్నదయ్యేకొద్దీ ఖర్చు తగ్గేది కాబట్టి. ఇప్పుడు చిప్పు చిన్నది చెయ్యడానికే ఖర్చు పెరిగిపోతోంది, అదొక కారణం, పీఎస్5 2021 ఫిబ్రవరిలో ఇక్కడ 49,990కి వస్తే 2022 నవంబర్లో 54,990 అయింది, పాతబడుతూ ఖరీదైంది. కాబట్టి కాస్త ఆగితే చవకవుతుంది అనే మన పాత లెక్క ఇప్పుడు పనిచెయ్యదు. ఆటలూ అంతే, చెయ్యడానికి ఏళ్ళు పడుతున్నాయి. జీటీఏ అనే ఆటే చూడు, 2001 నుంచి 2004 లోపు జీటీఏ 3, వైస్ సిటీ, శాన్ ఆండ్రియాస్ మూడూ వచ్చేశాయి, 2013లో ఐదోది వచ్చాక ఆరోదాని కోసం పన్నెండేళ్ళు దాటి ఎదురుచూడాల్సొచ్చింది. మిషను ఎంత చూపించగలిగితే అంతా మనుషులు కూర్చుని చెయ్యాలి కదా మరి.

కరెంటు సంగతి నీ లిస్టులో ఎక్కడా లేదు, నాకు అదే భయం. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, మాకు చాలా రోజులు కరెంటు లేదు. ఒక చిన్న పెట్రోల్ జనరేటర్ అద్దెకి తెచ్చి ఫోన్లు ఛార్జింగ్ పెట్టుకోమని వీధి వాళ్ళకి చెప్పాను, పక్కన పీఎస్2 కూడా పెట్టాను. పీఎస్3 ఆన్ చేస్తే ఆటలో 200 వాట్ల దాకా లాగేది, జనరేటర్ మూలిగేది, తీసి పక్కన పెట్టేశాను. చిన్న పీఎస్2 డబ్బా టీవీతో హాయిగా నడిచింది. ఇంటి రేకులు ఎగిరిపోయిన ఒక గుంటడు తడి చొక్కాతోనే వచ్చి మధ్యాహ్నం దాకా బౌలింగ్ చేస్తూ కూర్చున్నాడు, వాళ్ళమ్మ వచ్చి చూసి ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. ఆ రోజు నేనెవరి దగ్గరా డబ్బులు తీసుకోలేదు. 2018లో తిత్లీ తుపానుకి మీ జిల్లా ఎలాగైందో నీకు నేను చెప్పక్కర్లేదు. నాలుగు పీఎస్5లంటే అవే 800 వాట్లు, టీవీలు, ఏసీ వేరే, మామూలు ఇన్వర్టర్ పది నిమిషాలు కూడా మొయ్యదు. స్విచ్ టీవీకి పెట్టినా 20 వాట్లు దాటదు.

కాబట్టి నా మాట విని ఇలా చెయ్యి. పీఎస్5 ఒక్కటి కొను, డిస్కు పట్టేదే కొను, డిస్కు లేనిది చవగ్గా వస్తుందని పోకు, ఎందుకంటే ఆడేసిన డిస్కు అమ్మితే సగం డబ్బులైనా వెనక్కొస్తాయి, పిల్లలు కూడా వాళ్ళవి తెచ్చుకుంటారు. సెకండ్ హ్యాండ్‌లో పీఎస్4 స్లిమ్‌లు రెండు చూడు, 2013లో మొదలైన మిషనుకి 2024లో కూడా ఎఫ్‌సీ 25 అనే ఫుట్‌బాల్ ఆట వచ్చింది, గుంటలు ఎక్కువగా ఆడేది అదే. కొనేముందు అరగంట నడిపించి ఫ్యాన్ చప్పుడు విను, విమానంలా మోగితే లోపల పేస్టు ఎండిపోయిందని, ఆ లెక్కన ధర తగ్గించమను. ఒక స్విచ్, దానికి మారియో కార్ట్ అనే బండి పందేల ఆట, నలుగురు ఒకే టీవీ మీద ఆడతారు, చిన్నపిల్లల్ని తీసుకుని అమ్మానాన్నలు వస్తారు. స్విచ్‌కి మన దగ్గర కంపెనీ సర్వీస్ దొరకదు, జాగ్రత్తగా వాడించు.

మిగిలిన డబ్బు జాయ్‌స్టిక్‌ల మీద పెట్టు. షాపులో ముందు పోయేది అవే, లోపల పుల్ల కింది భాగం అరిగిపోయి చెయ్యి తియ్యకపోయినా బొమ్మ దానంతటదే నడుస్తుంది, ఒకసారి అలా జరిగితే ఓడిపోయినవాడు నీ షాపుకి మళ్ళీ రాడు. మిషనుకి రెండు చొప్పున అదనంగా ఉంచుకో. తర్వాత మంచి స్టెబిలైజర్, ఎర్తింగ్. పీఎస్5 మాత్రం నువ్వు విప్పకు, దాని చిప్పు మీద పేస్టు ఉండదు, ద్రవంగా ఉండే లోహం ఉంటుంది, బోర్డు మీదికి కారితే మిషను పోయినట్టే.

షాపు మీటర్ బోర్డు ఫొటో పంపు, ఎంత లోడు ఇచ్చారో చూసి చెప్తాను. ఆదివారం పొద్దున్న బస్సుకి వచ్చెయ్, గది కొలతలు రాసుకురా. ఆ చిన్న పీఎస్2 ఇంకా పనిచేస్తోంది, నిన్ననే దుమ్ము దులిపి లెన్సు తుడిచాను, క్రికెట్ డిస్కుతో సహా నీకిస్తాను, తీసుకెళ్ళి ఒక మూల పెట్టుకో.

మీ మావయ్య,
బరంపురం