సోషల్ సెక్యూరిటీ: 62 ఏళ్లకా, 70 ఏళ్లకా?

ప్రశ్న: పాతికేళ్లకు పైగా అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాను. వచ్చే నెలలో నాకు 62 ఏళ్లు నిండుతాయి. 67వ ఏట మొదలుపెడితే నెలకు 2,000 డాలర్ల సోషల్ సెక్యూరిటీ (ఉద్యోగం చేసినవారికి ప్రభుత్వం ఇచ్చే పెన్షన్) వస్తుందని నా స్టేట్‌మెంటులో ఉంది. నాకన్నా ఆరేళ్లు చిన్నదైన నా భార్యకు తన సొంత ఉద్యోగం మీద 67వ ఏట 900 డాలర్లు వస్తాయి. ఇంకో రెండేళ్లు పనిచేయాలని ఉన్నా, వచ్చేదాన్ని ఇప్పుడే పుచ్చుకోమని మిత్రులు చెబుతున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: మీరు ఆరోగ్యంగా ఉండి, ఇల్లు గడవడానికి ఈ డబ్బు తప్పనిసరి కాకపోతే, ఆగడమే మంచిదని నా అభిప్రాయం. 1960లోనూ ఆ తర్వాతా పుట్టినవారికి పూర్తి పదవీ విరమణ వయసు 67 ఏళ్లు. 62కే మొదలుపెడితే 30 శాతం కోత పడి మీకు 1,400 డాలర్లు వస్తాయి. 67 దాటాక ఆగిన ప్రతి ఏడాదికీ 8 శాతం చొప్పున పెరిగి 70వ ఏటికి 2,480 అవుతుంది. ధరల పెరుగుదలను బట్టి ఏటా కలిపే మొత్తం వీటికి అదనం. 70 తర్వాత ఆగడం వల్ల లాభమేమీ లేదు.

ముందుగా తీసుకున్నవారిని 67 దాకా ఆగినవారు మొత్తం రాబడిలో అందుకునేది దాదాపు 78 ఏళ్ల 8 నెలలకు. ఎన్నాళ్లు బతుకుతామో తెలియనప్పుడు ఆగడం ఎందుకని మీ మిత్రులు అడిగేది ఈ లెక్క చూసే. అయితే వారు ఒక్కరి ఆయుష్షునే లెక్కపెడుతున్నారు. దంపతులలో ఒకరు పోయాక మిగిలినవారికి రెండు పెన్షన్లూ రావు, వాటిలో పెద్దదే కొనసాగుతుంది. మీకన్నా చిన్నదైన మీ భార్య మీ తర్వాత చాలా ఏళ్లు ఆ ఒక్క మొత్తంమీదే బతకవలసి రావచ్చు. మీరు 62కే మొదలుపెట్టి ఆమె కన్నా ముందు పోతే, ఆమె తన పూర్తి వయసుకు వచ్చి ఉన్నా గరిష్ఠంగా దక్కేది, ఇలాంటి సందర్భానికున్న ప్రత్యేక నియమం ప్రకారం, మీ 2,000లో 82.5 శాతం, అంటే 1,650 డాలర్లు. 70 దాకా ఆగితే 2,480. ఒంటరిగా మిగిలే మనిషికి నెలనెలా 830 డాలర్ల తేడా చాలా పెద్దది. అందుకే ఇది మీరిద్దరూ కలిసి కూర్చుని తీసుకోవలసిన నిర్ణయం.

ఈలోగా ఇంటికి డబ్బు అవసరమైతే, ఆమెకు 62 నిండాక తన పెన్షన్‌ను తగ్గింపుతోనైనా మొదలుపెట్టవచ్చు. దానివల్ల రేపు మీ తరఫున ఆమెకు రావలసిన మొత్తం తగ్గదు.

ఇక మీ ఉద్యోగం సంగతి. పూర్తి వయసు రాకముందే పెన్షన్ తీసుకుంటూ పనిచేస్తే, ఏటా నిర్ణయించే ఆదాయ పరిమితి దాటిన ప్రతి 2 డాలర్లకూ 1 డాలరు ఆపేస్తారు. ఆపినదానికి తగినట్టు 67వ ఏట పెన్షన్‌ను పెంచి లెక్కకడతారు గాని, జీతం వస్తున్నప్పుడు తొందరపడి మొదలుపెట్టడంలో అర్థం తక్కువ.

తీవ్రమైన అనారోగ్యం ఉన్నా, ఉద్యోగం పోయి అప్పు చేయవలసి వస్తున్నా, ముందుగా తీసుకోవడానికి సంకోచించకండి; అది మీరు సంపాదించుకున్న హక్కు. మొదలుపెట్టాక మనసు మారితే, 12 నెలల లోపు అందిన డబ్బంతా తిరిగి కట్టి దరఖాస్తును ఉపసంహరించుకోవచ్చు, కానీ ఆ అవకాశం ఒక్కసారే. పెన్షన్ ఆపుకున్నవారికి మెడికేర్ (65 నిండినవారికి ప్రభుత్వ ఆరోగ్య బీమా) దానంతటదే మొదలుకాదు కనుక, 65 నిండేనాటికి మీకు ఉద్యోగం తరఫు బీమా లేకపోతే దానికి విడిగా నమోదు చేసుకోండి; ఆలస్యమైతే ప్రీమియం శాశ్వతంగా పెరుగుతుంది.