ముందు గొంతులు, తర్వాత బొమ్మలు

ఒరేయ్ చిన్నా,

చిన్నప్పుడు పడీపడీ చూసిన కార్టూన్ల మీద ఒక డాక్యుమెంటరీ, వాటి స్ఫూర్తితో నీ సొంత కార్టూన్ ఒకటి, రెండూ ఈ సెమిస్టర్‌లోనే అంటున్నావు. చెయ్యొచ్చు. కానీ వేటికవే మొదలుపెట్టావంటే రెండూ సగంలో ఆగుతాయి, కాబట్టి రెంటినీ కలిపెయ్. డాక్యుమెంటరీ కోసం నువ్వు మాట్లాడించినవాళ్ల గొంతులే నీ కార్టూన్‌కి డైలాగులు.

ఇది నేను కనిపెట్టిందేం కాదులే. 1989లో నిక్ పార్క్ అనే బ్రిటిష్ యానిమేటర్ మామూలు జనాన్ని మాట్లాడించి, ఆ మాటల్ని జూలో జంతువుల నోట పలికించి, మట్టిబొమ్మలతో ఓ చిన్న సినిమా తీశాడు. ఆస్కార్ కూడా వచ్చింది. వాళ్ల తడబాట్లు, నసుగుళ్లు అన్నీ అలాగే ఉంచేశాడు, నవ్వొచ్చేదే అక్కడ. నువ్వు కూర్చుని రాసిన డైలాగులో ఆ రుచి రాదు.

"నీకిష్టమైన కార్టూన్ ఏది?" అని మాత్రం అడక్కు, పేరు చెప్పి ఊరుకుంటారు. ఎవరి పక్కన కూర్చుని చూసేవాడివి, మధ్యలో వచ్చి టీవీ కట్టేసేది ఎవరు, అని అడుగు. వాళ్లు చెప్పడం ఆపాక ఇంకో నాలుగు సెకన్లు నోరు మూసుకుని ఉండు, అసలు సంగతి చాలాసార్లు అప్పుడే బయటికొస్తుంది. (నాకిది అలవాటవడానికి ఏళ్లు పట్టింది, నా పాత టేపుల నిండా నా గొంతే.) ఫ్యాన్ కట్టెయ్. నా మొదటి సినిమాలో ఒక పెద్దావిడ కళ్లనీళ్లతో చెప్పిన మాట మొత్తం ఫ్యాన్ చప్పుడులో కొట్టుకుపోయింది, మర్నాడు వెళ్లి మళ్లీ చెప్పమంటే నవ్వుతూ చెప్పింది, ఇంకేం చేస్తాం. లేచేముందు ఆ గది నిశ్శబ్దాన్ని కూడా ఓ 30 సెకన్లు రికార్డు చేసుకో, ఎడిటింగ్‌లో మాటల మధ్య అతుకులు తెలియకుండా కింద పరుచుకోవడానికి పనికొస్తుంది.

పాత కార్టూన్ క్లిప్పులు వాడాలంటే హక్కుల తలనొప్పి. దానికి బదులు ఎదుటివాళ్ల చేతికి పెన్సిలిచ్చి, ఆ బొమ్మని గుర్తున్నట్టు గీయమను, కెమెరా వాళ్ల చేతి మీద పెట్టు. తప్పుగా గీస్తారు. చెవులు పెద్దవైపోతాయి, తోక మర్చిపోతారు, "కాదు కాదు, ఇలా ఉండేది" అని కొట్టేసి మళ్లీ మొదలుపెడతారు. నీ పాత్రల్ని ఆ తప్పుల్లోంచే తయారుచెయ్. అచ్చం పాత బొమ్మలాగే ఉండాలని తాపత్రయపడకు, అది నీది కాదు, వేరేవాళ్ల సొత్తు.

ఇక లెక్క చూడు. సెకనుకి 24 ఫ్రేములు, ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములు నిలిపినా సెకనుకి 12 బొమ్మలు. రెండు నిమిషాలకి 1440. ఒక్కోదానికి పది నిమిషాలు వేసుకో, 240 గంటలు! అందుకే నిమిషంతో సరిపెట్టుకో. టామ్ అండ్ జెర్రీని సృష్టించి, తర్వాత టీవీ కోసం కార్టూన్లు తీసిన హన్నా, బార్బెరాలు కూడా ఇలాగే పొదుపు చేశారు. వాళ్ల జంతువుల మెడకి కాలర్లు, టైలు ఎందుకుంటాయనుకున్నావ్? ఒళ్లు కదలకుండా పెట్టి తల ఒక్కటే మార్చి గీసినా, అతుకు ఆ కాలర్ దగ్గర దాగిపోతుంది. నేనేమో తెలివిగా నా హీరోకి గళ్ల చొక్కా వేశాను. ప్రతి బొమ్మలోనూ అన్ని గళ్లూ లెక్కపెట్టి గీయాలని మూడో రోజుకి గానీ అర్థం కాలేదు, నాలుగో రోజు వాడికి తెల్ల చొక్కా తొడిగాను.

నోటికి ఆరేడు ఆకారాలు చాలు. ప, బ, మ పలికేటప్పుడు పెదాలు మూసుకోవాలి, అదొక్కటి తప్పుగా పడితే చూసేవాళ్లు వెంటనే పట్టేస్తారు, మిగతావి కాస్త అటూఇటూ అయినా ఎవరూ పట్టించుకోరు. సాఫ్ట్‌వేర్ గురించి టెన్షన్ వద్దు, ఓపెన్‌టూన్జ్, క్రిటా, బ్లెండర్ మూడూ ఉచితమే. కానీ వాటిని తెరిచేముందు పెన్సిల్ గీతల స్టోరీబోర్డుని (కథని వరుసగా బొమ్మల్లో వేసుకున్నది) గొంతులకి జతచేసి ఒకసారి పూర్తిగా ఆడించి చూసుకో. బోరు కొట్టిన చోట అప్పుడే కోసెయ్, రంగులేశాక కొయ్యడానికి చెయ్యి రాదు.

ఈ ఆదివారానికల్లా ఇద్దరి గొంతులైనా రికార్డు చేసి పంపు. శుభ్రం చెయ్యకు, ఉన్నదున్నట్టు పంపు.

మావయ్య