సూర్యుణ్ణి వెతికే పని లేని ట్రాకర్

రాయగడ నుంచి అడిగిన విద్యార్థి ప్రశ్న సారాంశం ఇది: నాలుగు ఎల్‌డీఆర్‌లు (వెలుతురును బట్టి నిరోధం మారే చిన్న సెన్సర్లు), చెప్పిన కోణానికి తిరిగే రెండు సర్వో మోటార్లతో సూర్యుణ్ణి అనుసరించే పరికరం చేసి, దానికి ఒక గొట్టం బిగించి, నేరుగా పడే ఎండ తీవ్రతను కొలుస్తున్నారు. మబ్బు పట్టినప్పుడల్లా అది దారి తప్పుతోంది, సర్వోలు తరచూ పాడవుతున్నాయి. దీన్ని ఇంకా సులభంగా, నమ్మకంగా పనిచేసేలా ఎలా చేయాలి?

పర్లాకిమిడిలో ఒక కళాశాల మేడ మీద పదకొండేళ్లు ఇలాంటి పరికరాలను నడిపిన అనుభవంతో జవాబు రాస్తున్నాను. మా మొదటి ట్రాకర్ కూడా మీరు చెప్పినట్టిదే. ఆషాఢ మాసంలో ఒక మధ్యాహ్నం సూర్యుడు నల్లమబ్బు వెనక ఉండగా, ఆ మబ్బు అంచు వెండిలా మెరుస్తుంటే, మా గొట్టం ఆ అంచు వైపు తిరిగి అక్కడే నిలిచిపోయింది. ఎండ తిరిగి వచ్చాక సూర్యుణ్ణి పట్టుకోవడానికి నాలుగైదు నిమిషాలు పట్టింది. ఆ నిమిషాల కొలతలన్నీ వృథా. ఎల్‌డీఆర్‌కు తెలిసేది వెలుతురు ఎటు ఎక్కువగా ఉందన్నదే కాబట్టి ప్రోగ్రామును ఎంత సరిదిద్దినా ఈ లోపం పోదు. పైగా నాలుగు ఎల్‌డీఆర్‌లూ ఎండకు ఒకే తీరున పాతబడవు.

సూర్యుడు ఏ నిమిషానికి ఎక్కడ ఉంటాడో లెక్క కట్టి చెప్పవచ్చు. అందుకని వెతికే పని మానిపించి, గడియారాన్ని బట్టి తిప్పండి. ఇందుకు ఎంత కచ్చితత్వం కావాలో ముందు చూడాలి. గొట్టం ముందు రంధ్రం వ్యాసం 20 మిల్లీమీటర్లు, వెనక సెన్సర్ వ్యాసం 12 మిల్లీమీటర్లు, రెంటి మధ్య దూరం 230 మిల్లీమీటర్లు ఉంటే, పైర్‌హీలియోమీటర్లకు, అంటే నేరుగా వచ్చే ఎండను కొలిచే పరికరాలకు, వాడుకలో ఉన్న 5 డిగ్రీల చూపు కోణం వస్తుంది. అప్పుడు గురి ముప్పావు డిగ్రీ దాకా తప్పినా సూర్యబింబం మొత్తం సెన్సర్‌కు కనిపిస్తూనే ఉంటుంది. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు కదులుతాడు కనుక ముప్పావు డిగ్రీ అంటే మూడు నిమిషాలు. మామూలు క్రిస్టల్ గడియారం రోజుకు సుమారు రెండు సెకన్ల చొప్పున తప్పితే ఏడాదికి పది నిమిషాలు దాటుతుంది, అది పనికిరాదు. డీఎస్3231 అనే గడియారపు చిప్ ఏడాదికి సుమారు ఒక నిమిషం మాత్రమే తప్పుతుంది, ఇది చాలు.

అయితే గడియారంలో పన్నెండు కొట్టినప్పుడే సూర్యుడు నడినెత్తికి వస్తాడనుకోకండి. మన ప్రామాణిక సమయం 82.5 డిగ్రీల రేఖాంశానిది, పర్లాకిమిడి 84.1 డిగ్రీల దగ్గర ఉంది. దీనివల్ల ఆరు నిమిషాల తేడా వస్తుంది, దానికి కాలసమీకరణం, అంటే గడియారపు సమయానికీ సూర్యుడి సమయానికీ మధ్య ఏడాది పొడుగునా మారే తేడా, తోడవుతుంది. నవంబరు మొదటి వారంలో మాకు సూర్య మధ్యాహ్నం 11:37కే అవుతుంది, ఫిబ్రవరి రెండో వారంలో 12:08కి. ఈ అరగంట తేడాను ప్రోగ్రాములో చేర్చకపోతే గురి ఏడు డిగ్రీలకు పైగా తప్పుతుంది. రాయగడ రేఖాంశంతో మీ లెక్క మీరు వేసుకోండి.

ఇక యంత్రం సంగతి. మార్కెట్లో దొరికే ట్రాకర్లు ఎక్కువగా ఒక ఇరుసును నిలువుగా, రెండోదాన్ని అడ్డంగా పెట్టుకుని తిరుగుతాయి. మన అక్షాంశంలో, అంటే 19 డిగ్రీల దగ్గర, ఈ అమరికకు ఒక ఇబ్బంది ఉంది. మే నెల మధ్యలో ఒకసారి, జూలై ఆఖరులో మరోసారి సూర్యుడు సరిగ్గా తల మీదుగా పోతాడు. ఆ రోజుల్లో నిలువు ఇరుసు కొద్ది నిమిషాల్లోనే తూర్పు నుంచి పడమరకు దాదాపు సగం చుట్టు తిరగాల్సి వస్తుంది. ఈ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు, కాబట్టి దక్షిణం వైపే చూసేలా రాసిన ప్రోగ్రాములు అప్పుడు తికమకపడతాయి. మా సర్వో పళ్లు అరిగిపోయింది కూడా మే నెలలోనే.

ధ్రువాక్షపు అమరికలో, అంటే ఇరుసు భూమి అక్షానికి సమాంతరంగా ఉండే అమరికలో, ఈ బాధ లేదు. ఇరుసును ఉత్తరం వైపు ఎత్తి, నేలతో మీ అక్షాంశమంత కోణంలో బిగిస్తే, ఏడాది పొడుగునా ఒకే మోటారు గంటకు 15 డిగ్రీల చొప్పున తిప్పితే చాలు. రెండో కోణాన్ని, అంటే సూర్యుడి క్రాంతిని (ఖగోళ మధ్యరేఖకు సూర్యుడు ఎంత ఉత్తరాన లేదా దక్షిణాన ఉన్నాడో చెప్పే కోణాన్ని), చేత్తో మరతిప్పి సరిచేయవచ్చు. మార్చి, సెప్టెంబరు నెలల్లో అది రోజుకు 0.4 డిగ్రీలు మారుతుంది కాబట్టి రోజూ సరిచేయాలి. జూన్, డిసెంబరు చివరి వారాల్లో చాలా రోజులు ముట్టుకోనక్కర లేదు. అడుగుకు 1.8 డిగ్రీల చొప్పున తిరిగే స్టెప్పర్ మోటారుకు అరవైకి ఒకటి నిష్పత్తి గల వార్మ్ గేర్ (మరచుట్టు ఇరుసుతో పళ్ల చక్రాన్ని తిప్పే గేర్) కలిపితే ఒక్కో అడుగుకు 0.03 డిగ్రీలు తిరుగుతుంది. వార్మ్ గేర్‌ను నేను పట్టుబట్టి సూచించేది మన ఊళ్ల కరెంటును చూసే: కరెంటు పోయినా గొట్టం ఉన్నచోటే నిలబడుతుంది. రాత్రి ఇరుసును తూర్పుకు వెనక్కి తిప్పి ఒక స్విచ్‌కు తాకించండి. మోటారు అడుగుల లెక్క సరిపడుతుంది, కేబుల్ మెలిపడదు. ఉత్తర దిక్కుకు దిక్సూచిని నమ్మకుండా, లెక్క కట్టిన సూర్య మధ్యాహ్నానికి గుండుతాడు నీడ వెంట గీత గీయండి.

గొట్టం పక్కన 200 మిల్లీమీటర్ల ఎడంతో రెండు చిన్న రేకులు బిగించి, ముందు రేకుకు సన్నని రంధ్రం, వెనక రేకు మీద రెండున్నర మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో ఒక వలయం పెట్టండి. వెలుగు చుక్క మధ్యబిందువు వలయంలో ఉన్నంత వరకు గురి సరిగ్గా ఉన్నట్టే. మా దగ్గర ఈ చుక్కను రోజూ ఉదయం పదింటికి ఒకరు చూసి పుస్తకంలో రాసేవారు. ఏ ఎలక్ట్రానిక్ హెచ్చరికా మాకు ఇంత ఉపయోగపడలేదు.

అసలు మీకు గొట్టం అవసరమా అన్నది కూడా ఆలోచించండి. ఒక ఫొటోడయోడ్‌ను (కాంతి పడితే కరెంటు ఇచ్చే సిలికాన్ సెన్సర్‌ను) సమతలంగా పెట్టి, దాని మీదుగా నిమిషానికోసారి ఒక సన్నని వంపు పట్టీని తిప్పే పద్ధతి ఉంది. నీడ పడిన క్షణంలో వచ్చే అతి తక్కువ విలువ ఆకాశం నుంచి చెదిరి వచ్చే కాంతికి దగ్గరగా ఉంటుంది. మొత్తం నుంచి దాన్ని తీసివేసి, సూర్యుడు నడినెత్తి నుంచి ఎంత వాలి ఉన్నాడో ఆ కోణపు కొసైన్‌తో భాగిస్తే నేరుగా వచ్చే కాంతి తెలుస్తుంది. దిశ కోసం గురి చూసే పనే లేదు. లోపాలూ ఉన్నాయి: సిలికాన్ 1100 నానోమీటర్లు దాటిన కాంతిని చూడదు, సూర్యుడు బాగా కిందికి ఉన్నప్పుడు ఆ భాగహారం తప్పును పెంచుతుంది. ఎండ వేడిని బట్టి కొలిచే థర్మోపైల్ సెన్సర్ స్థిమితపడటానికి కొన్ని సెకన్లు కావాలి కనుక ఈ పద్ధతికి పనికిరాదు. ఎండ కాసిన గంటలు మాత్రమే కావాలంటే, 1853లో కాంప్‌బెల్ మొదలుపెట్టి 1879లో స్టోక్స్ మెరుగుపరిచిన గాజుగోళం, అది ఎండను కేంద్రీకరించి కాల్చి గుర్తు వేసే కాగితపు పట్టీ చాలు. అందులో కదిలే భాగం ఒక్కటీ లేదు.

మన వైపు నేరుగా వచ్చే కాంతిని, చెదిరి వచ్చే కాంతిని విడివిడిగా కొలవడం నిజంగా అవసరం. మార్చి, ఏప్రిల్ నెలల్లో కొండల మీద పోడు కాల్చినప్పుడు ఎండ పైకి మామూలుగానే కనిపిస్తుంది, కానీ నేరుగా వచ్చేది తగ్గి, చెదిరి వచ్చేది పెరుగుతుంది. మొత్తం మాత్రమే కొలిచేవారికి ఈ తేడా తెలియదు.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా రెండిరుసుల ట్రాకర్ గోడకు కొట్టుకుని విరిగింది. కాంక్రీటు దిమ్మెకు నాలుగు బోల్టులతో బిగించిన ధ్రువాక్షపు పరికరం నిలిచింది. ఆ మరుసటి ఏడాది దాని కొలతలు వారం పాటు సగానికి పడిపోతే వైరింగంతా వెతికాం. చివరకు గొట్టంలోకి టార్చ్ వేసి చూస్తే ముందు రంధ్రం దగ్గర వేలెడంత మట్టిగూడు కనిపించింది, కందిరీగ కట్టుకున్నది. అప్పటి నుంచి రంధ్రానికి పలుచని గాజు బిళ్ల అతికించి, రోజూ పొద్దున్నే మెత్తటి బట్టతో తుడిచేవాళ్లం. మీరు ఆ గాజును మొదటి రోజునే పెట్టుకోండి.