సౌండ్ అవార్డు వస్తుంటే టీ పెట్టుకోవడానికి లేవకండి

ప్రశ్న: అక్కా, మేం అనంతపురం నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడ్డాం. ఏటా ఆస్కార్ల రోజు తెల్లవారుజామునే లేచి టీవీ పెడతాను. మా ఆయనేమో "పెద్ద అవార్డులు ఇచ్చేది చివర్లోనే కదా, మధ్యలో ఆ సౌండూ, ఎడిటింగూ, షార్ట్ ఫిల్ములూ మనకెందుకు, ఆఫీసుకెళ్లాక ఫోన్‌లో లిస్టు చూసుకుంటే రెండు నిమిషాల పని" అంటారు. నిద్ర పాడుచేసుకుని చూడటం దండగేనా? - ఒక పాఠకురాలు, మారతహళ్లి

జవాబు: దండగ కాదు చెల్లెమ్మా. లిస్టులో గెలిచినవాళ్ల పేర్లుంటాయి, అంతే. పేరు పిలవగానే ఆ మనిషి ముఖంలో ఏమైందో లిస్టు చెప్పదు. 2023 మార్చి 13 నాకు బాగా గుర్తు. సోమవారం, ఇక్కడ ఉదయం ఐదున్నరకి మొదలైంది. కాసేపటికే సహాయనటుడి అవార్డుకి కీ హుయ్ క్వాన్ పేరు పిలిచారు. చిన్నప్పుడు శరణార్థుల శిబిరంలో గడిపిన మనిషి, బాలనటుడిగా పేరొచ్చాక అవకాశాల్లేక ఏళ్ల తరబడి నటనకే దూరమైనవాడు. ఆ బొమ్మ చేతిలో పట్టుకుని, ఇంట్లో టీవీ చూస్తున్న ఎనభై నాలుగేళ్ల వాళ్లమ్మకి నేను గెలిచానమ్మా అని చెబుతూ ఏడ్చేశాడు. నేను మావాడికి స్కూలు బూటు తొడుగుతున్నాను, ఒక కాలికి తొడిగి రెండోది చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాను. వాడు "అమ్మా, ఎందుకేడుస్తున్నావ్" అన్నాడు.

ఇక సౌండూ ఎడిటింగూ మనకెందుకు అన్న మాట. మీ ఆయనకి ఈ సంగతి తప్పకుండా చెప్పండి. మనవాళ్లకి వచ్చిన ఆస్కార్లన్నీ ఒకసారి గుర్తు చేసుకోండి. 1983లో భాను అతైయాకి వచ్చింది దుస్తుల రూపకల్పనకి, మన దేశానికి మొదటి ఆస్కార్ అదే. 2009లో రసూల్ పూకుట్టికి సౌండ్ మిక్సింగ్‌కి, రెహమాన్‌కి సంగీతానికీ పాటకీ, ఆ పాట రాసిన గుల్జార్‌కి. 2023లో మన నాటు నాటుకి, ఏనుగుల డాక్యుమెంటరీ 'ది ఎలిఫెంట్ విస్పరర్స్'కి. సత్యజిత్ రాయ్‌కి 1992లో ఇచ్చిన గౌరవ పురస్కారం పక్కన పెడితే, మనకి గర్వకారణమైనవన్నీ మీ ఆయన వద్దంటున్న ఆ మధ్యలోవే!

2022లో నిర్వాహకులు కూడా ఇలాగే ఆలోచించారు. షో పొడవైపోతోందని ఎనిమిది విభాగాలను లైవ్‌లోంచి తీసేసి, ముందే హాల్లో ఇచ్చేసి, ఆ రికార్డింగును కత్తిరించి మధ్యమధ్యలో చూపించారు. సౌండు, ఎడిటింగు, నేపథ్య సంగీతం, మేకప్పు, ప్రొడక్షన్ డిజైను, మూడు రకాల షార్ట్ ఫిల్ములు. సినిమావాళ్లే గట్టిగా అభ్యంతరం చెప్పారు, మరుసటి ఏడాది అన్నిటినీ మళ్లీ లైవ్‌లోకి తెచ్చారు. తేకపోయి ఉంటే మన ఏనుగుల సినిమా గెలిచిన క్షణాన్ని మనం లైవ్‌లో చూసేవాళ్లం కాదు. ఆ సినిమా తీసిన తెప్పకాడు మనకి ఎంత దూరమని, మైసూరు, బందీపూర్ మీదుగా ఊటీ వెళ్లేటప్పుడు ముదుమలైలో తగిలే ఏనుగుల క్యాంపే కదా. ఎన్నిసార్లు ఆ దారిన వెళ్లామో. బొమ్మన్, బెళ్లి దంపతులు పిల్ల ఏనుగు రఘుని సాకిన కథకి అక్కడ పేరు పిలుస్తుంటే ఒళ్లు పులకరించింది.

కానీ ఆ సంతోషంలోనే ఒక బాధ. దర్శకురాలు కార్తికి గొన్సాల్వెస్ మాట్లాడారు, పక్కనున్న నిర్మాత గునీత్ మోంగా నోరు తెరిచేసరికి మ్యూజిక్ పెట్టేశారు. ఒక్కో అవార్డుకి నలభై అయిదు సెకన్లు అన్న లెక్క ఉందని తెలుసు. అయినా నాకు ఒప్పుదల కాలేదు. స్టేజీ మీద యాంకరు జోకులకి, సినిమా ప్రచారానికి ఉన్న టైము జీవితంలో ఒక్కసారి ఆ మెట్లెక్కిన మనిషికి లేకపోవడమేంటి? అదే రోజు ఐరిష్ షార్ట్ ఫిల్ముకి వచ్చినప్పుడు, ఆ నటుడు జేమ్స్ మార్టిన్ పుట్టినరోజని తెలిసి హాలంతా అతనికి బర్త్‌డే పాట పాడింది. నాకు ఆ రోజు మొత్తంలో బాగా నచ్చినవాటిలో అదొకటి.

ప్రశ్న: నాటు నాటుకి ఆస్కార్ స్టేజీ మీద డ్యాన్స్ చేసినవాళ్లలో మనవాళ్లు ఎందుకు లేరండీ? అందరూ సంబరపడుతుంటే నాకు మాత్రం లోపల చివుక్కుమంది. తప్పా? - ఒక పాఠకుడు, వైట్‌ఫీల్డ్

జవాబు: తప్పు కాదండీ, నాకూ అలాగే అనిపించింది. రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ తెలుగులో పాడుతుంటే, వెనకాల కీవ్‌లో షూటింగ్ చేసిన ప్యాలెస్‌లాంటి సెట్టు, హాలంతా లేచి నిలబడి చప్పట్లు, అవన్నీ నిజంగా గొప్పగా ఉన్నాయి. కానీ ఎర్రజొన్న రొట్టె, మిరపతొక్కు వాసన వచ్చే పాట అది. ఆ స్టెప్పు వెయ్యడానికి మన పిల్లలు ప్రపంచంలో ఎక్కడ లేరు, అమెరికాలోనే ఎంతమంది దొరుకుతారు! మా అపార్టుమెంటులో వినాయకచవితికి కింద పార్కింగులో పిల్లలు ఆ పాటకి ఎగురుతుంటే వచ్చిన ఊపు నాకు ఆ స్టేజీ మీద కనపడలేదు. మెచ్చుకోవాల్సింది మెచ్చుకుంటూనే ఈ మాట కూడా గట్టిగా అనాలి.

ప్రశ్న: మన దక్షిణాది అవార్డుల ఫంక్షన్లు టీవీలో చూస్తారా? - ఒక పాఠకురాలు, హెబ్బాళ

జవాబు: చూస్తాను, చూసిన ప్రతిసారీ కోపం తెచ్చుకుంటాను. నాలుగు భాషలవాళ్లు ఒక్కచోట కూర్చోవడం ఎంత మంచి సంగతి! బెంగళూరులో ఉండే మనకి పక్కింటి కన్నడమావిడ, పైఇంటి తమిళాయన, కింద మలయాళీ నర్సు, అందరూ కలిసి చూడదగ్గది. తీరా చూస్తే ఫంక్షన్ అయిపోయిన ఎన్నో రోజులకి, కత్తిరించి కత్తిరించి, హీరోయిన్ల డ్యాన్సులూ యాంకర్ల సరసాలూ మిగిల్చి వేస్తారు. ఛాయాగ్రాహకుడికి, పాట రాసినాయనకి, ఫైటు మాస్టరుకి అవార్డు ఇచ్చారో లేదో కూడా తెలీదు, కింద స్క్రోలింగులో పేరు పరుగెత్తుతుంది. వెయ్యకపోయినా పర్లేదు గానీ, వేస్తే వాళ్లని చూపించండి. డ్యాన్సులు యూట్యూబులో ఎన్నైనా దొరుకుతాయి.

ప్రశ్న: మా అమ్మకి డెబ్భై దాటాయి, ఇంగ్లీషు రాదు. ఆస్కార్లు పెడితే ఆవిడకేం అర్థమవుతుంది అని పిల్లలు ఛానల్ మారుస్తున్నారు. - ఒక పాఠకుడు, యలహంక

జవాబు: మార్చనివ్వకండి, అమ్మగారి పక్కన కూర్చుని చూడండి. కీరవాణి గారు అవార్డు అందుకుని, తను చిన్నప్పుడు వింటూ పెరిగిన కార్పెంటర్స్ అనే అమెరికా సంగీత బృందం పాట బాణీలో కృతజ్ఞతలు పాడేశారు కదా, మా అత్తయ్యకి అందులో ఒక్క ముక్క అర్థం కాలేదు, అయినా "ఎంత బాగా పాడాడో, గొంతు వణకలేదు" అంది. ఆయన పక్కనే చంద్రబోస్ గారు. వరంగల్ దగ్గర చల్లగరిగె నుంచి వచ్చిన మనిషి, ఆ పాటలోని ప్రతి మాటా రాసిన మనిషి. టైము అయిపోయింది. ఆయనకి దొరికింది ఒక్క మాట, "నమస్తే" అన్నారు. మా అత్తయ్య సోఫాలోంచి లేచి, టీవీకి రెండు చేతులూ జోడించింది.